బండలు, గ్రానైట్, పాలరాయి: మరకల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా వంటగట్టు కడప బండ. స్టవ్‌కి జానెడు దూరంలో దాని మీద ఒక తెల్లటి గుండ్రటి గుర్తు ఉంది. పులిహోర కోసం కోసిన నిమ్మచెక్కని బోర్లా పెట్టి, ఫోన్ మోగితే వెళ్ళి, పావుగంట తర్వాత వచ్చి తీశాను. అంతే, చెక్క అచ్చు అలాగే దిగిపోయింది. దాన్ని పోగొడదామని వెనిగర్ రాశాను, ఆపైన స్టీలు పీచుతో రుద్దాను. ఇప్పుడు ఆ గుర్తు చుట్టూ అరచేయంత ఇంకో మచ్చ ఉంది. మొదటిది నిమ్మకాయ చేసింది, రెండోది నేను చేశాను. తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఈ రెండో రకం మచ్చల గురించే.

మా ఇంట్లో ఉన్నది ఏ రాయో తెలీదు. ఎలా కనుక్కోవాలి?

మరక సంగతి తర్వాత, ముందు ఇదే తేల్చుకోవాలి. మన ఇళ్ళలో కనిపించే రాళ్ళని రెండు జాతులు అనుకుంటే సరిపోతుంది.

మొదటిది సున్నపురాయి జాతి. తాండూరు బండలు (నీలం, పసుపు రెండూ), బేతంచెర్ల బండలు, కడప నల్ల బండలు, కర్ణాటక నుంచి వచ్చే షాబాదు, రాజస్థాన్ నుంచి వచ్చే కోటా, మక్రానా పాలరాయి అన్నీ ఇందులోకే వస్తాయి. మనం నాపరాళ్ళని పిలిచేవి దాదాపు ఇవే. వీటిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే సుద్దముక్కలో, కోడిగుడ్డు పెంకులో ఉండే పదార్థమే. రాయిగా గట్టిపడిందన్న మాటే గానీ, పులుపు తగిలితే సుద్ద లాగే కరుగుతుంది.

రెండోది గ్రానైట్ జాతి. కరీంనగర్ టాన్ బ్రౌన్, చీమకుర్తి గెలాక్సీ లాంటివి. గెలాక్సీని భూగర్భశాస్త్రం తెలిసినవాళ్ళు అసలు గ్రానైటే అనరు, గాబ్రో జాతి అంటారు. అందులో మిణుకుమనే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. మనకి కావలసింది ఒక్కటే: ఇవి సిలికా ఖనిజాలతో ఏర్పడ్డవి, వంటింటి పులుపుకి లొంగవు.

అనుమానం ఉంటే ఎవరికీ కనపడని చోట, సింకు కింద అంచు మీదో బీరువా వెనకో, ఒక్క చుక్క నిమ్మరసం వేసి 5 నిమిషాలు ఆగి తుడవండి. సన్నగా నురగ వచ్చినా, ఆ చోట మెరుపు తగ్గినా అది సున్నపురాయి జాతే. ఏమీ కాకపోతే గ్రానైట్ కావచ్చు. నల్ల రాయి అయితే ఇంకో పరీక్ష కూడా ఉంది. తెల్ల దూదిని అసిటోన్‌లో (గోళ్ళరంగు తీసే ద్రవం) ముంచి రుద్దండి. దూది నల్లబడితే బూడిద రంగు రాయికి నల్ల రంగు పట్టించి అమ్మారన్నమాట. అలాంటి గట్టు మీద మందులు వాడితే రంగు వెలవచ్చు, ముందే తెలుసుకోవడం మేలు.

నిమ్మకాయ, వెనిగర్ సహజమైనవే కదా? అవి కూడా పాడుచేస్తాయా?

సహజమా కాదా అన్నది రాయికి అక్కర్లేదు. పుల్లగా ఉందా లేదా అన్నదే దానికి లెక్క. నిమ్మ, వెనిగర్, చింతపండు, పెరుగు, టమాటా, కూల్‌డ్రింకు అన్నీ సున్నపురాయిని తింటాయి. ఎక్కువ సేపు ఉంటే ఎక్కువ లోతుకి దిగుతాయి.

మన ఇళ్ళలో ఎవరికీ తట్టని దొంగ ఒకటుంది. శుక్రవారం పొద్దున్నే ఇత్తడి కుందులు, రాగి చెంబు చింతపండుతో తోమి కడిగి గట్టు మీద బోర్లిస్తాం. వాటి అంచు నుంచి కారే పుల్లనీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ వలయం దిగుతుంది. ‘కడప బండ నాసిరకం, తెల్లబడిపోయింది’ అని ఒకావిడ బాధపడితే వెళ్ళి చూశాను. సింకు పక్కన ఐదు వలయాలు, ఒక్కో కుంది అడుగుకి ఒక్కోటి సరిగ్గా సరిపోయాయి. కింద ఒక స్టీలు పళ్ళెం పెడితే తీరిపోయే గొడవ.

ఆ తెల్ల గుర్తు ఎంత రుద్దినా పోవడం లేదు. ఏ లిక్విడ్ వాడాలి?

ఏదీ వాడకండి. అది మరక కాదు. మరకంటే రాయి లోపలికి ఏదో ఇంకి రంగు మారడం, అలా అయితే ఆ చోట ముదురు రంగు కనిపిస్తుంది. ఇక్కడ పైన ఉన్న మెరుపు పొర కరిగి గరుకైంది, అందుకే కాంతి చెదిరి పాలిపోయినట్టు కనిపిస్తోంది. వేలితో నిమిరి చూడండి, తేడా తెలుస్తుంది. రాయి కొంత పోయింది కాబట్టి ఏ సబ్బూ దాన్ని తిరిగి తేలేదు. మళ్ళీ పాలిష్ పట్టడం ఒక్కటే దారి. చిన్న గుర్తయితే పాలరాయి పాలిష్ పొడి కొని తడి గుడ్డతో ఓపికగా తిప్పుతూ రుద్దితే చాలావరకు కలిసిపోతుంది. గది మొత్తం అలా ఉంటే మెషిన్ వాళ్ళని పిలవాల్సిందే.

మరి రోజూ దేంతో తుడవాలి?

మంచినీళ్ళు, మూడు నాలుగు రోజులకోసారి బకెట్‌లో ఒక చెంచా అంట్లు తోమే లిక్విడ్. అది కూడా పులుపు లేని రకం చూసుకోండి, నిమ్మ పేరుతో వచ్చేవాటిలో కొన్నింటికి వాసనే నిమ్మ, కొన్నింటిలో నిజంగానే సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. తర్వాత ఒకసారి ఉత్త నీళ్ళతో తుడిచి, పొడిగుడ్డ వేస్తే ఇంకా మంచిది. సబ్బు పొర నిలిచిపోతే దాని మీదే దుమ్ము అంటుకుని నేల మాసినట్టు కనిపిస్తుంది, మనం ఇంకాస్త సబ్బు వేస్తాం, అది ఇంకాస్త మాస్తుంది.

తుడవడానికి ముందు ఊడవాలి. ఇసుక రేణువులున్న నేల మీద తడిగుడ్డ తిప్పితే అది గరుకు కాగితంతో సమానం.

దిష్టి పోతుందని నీళ్ళలో కళ్ళుప్పు వేసి తుడిచే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. మా అత్తయ్య కూడా మానలేదు, నేను మానమని చెప్పనూ లేదు. కానీ ఉప్పునీళ్ళు బండల సందుల్లోకి ఇంకి ఆరినప్పుడు లోపల స్ఫటికాలు కట్టి రాయి పైపొరని నెమ్మదిగా పెకలిస్తాయి. గుప్పెడు బదులు చిటికెడు వేసి, వెనకే మంచినీళ్ళతో ఒకసారి తుడిస్తే ఇద్దరి మాటా నెగ్గుతుంది.

పసుపు మరక పోతుందా?

పోతుంది. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ ఎండకి నిలవదు. కిటికీ పక్కనో, అరుగు మీదో పడిన మరక అయితే సబ్బునీళ్ళతో కడిగి ఎండ తగలనివ్వండి, నాలుగైదు రోజుల్లో వెలిసిపోతుంది. సబ్బు తగిలినప్పుడు పసుపు ఎర్రబడితే కంగారుపడకండి. క్షారం తగిలితే అది ఎర్రగా మారుతుంది, పారాణిలో సున్నం కలిపినప్పుడు చూస్తున్నదే కదా.

ఎండ రాని చోట అయితే మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ (6 శాతంది) తినేసోడాతో కలిపి పట్టు వేయాలి. పట్టు ఎలా వేయాలో కింది జవాబులో వివరంగా చెప్పాను. టీ, కాఫీ, గోరింటాకు, ఆకుల కర లాంటి వాటన్నిటికీ ఇదే వైద్యం. ముదురు రంగు రాయి మీద మాత్రం ముందు ఓ మూల పరీక్షించండి, పెరాక్సైడ్ రంగుని లేతపరచవచ్చు.

దేవుడి గూట్లో దీపం నూనె ఇంకి నల్లటి మచ్చ పడింది. ఎన్నిసార్లు కడిగినా అలాగే ఉంది.

కడిగితే పోదు, ఎందుకంటే నూనె పైన లేదు, లోపల ఉంది. రాయిలో కంటికి కనిపించని సందులుంటాయి, గ్రానైట్‌లో కూడా. పై నుంచి ఎంత తోమినా లోపలిది కదలదు. దాన్ని బయటికి పీల్చాలి. ఆ పీల్చే పనినే పట్టు వేయడం అంటున్నాను. పాత గాయానికి పట్టు వేసినట్టే.

ముందు సబ్బునీళ్ళతో పైజిడ్డు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒక గిన్నెలో మైదా గానీ టాల్కం పౌడర్ గానీ నాలుగు చెంచాలు తీసుకోండి. దాంట్లో అసిటోన్ (రంగు, వాసన కలపనిది అయితే మంచిది) కొద్దికొద్దిగా పోస్తూ గట్టి ఇడ్లీపిండిలా కలపండి. జారకూడదు. మచ్చ కన్నా అంగుళం ఎక్కువ వచ్చేలా, అర సెంటీమీటరు మందంగా పరచండి. పైన పాలిథిన్ కవరు కప్పి నాలుగు అంచులా టేపు వేసేయండి. ఒక రోజు అలా వదిలేయాలి. మర్నాడు కవరు తీసి, పట్టుని మాత్రం కదిలించకుండా ఇంకో రోజు ఎండనివ్వాలి. అసలు పని జరిగేది ఈ రెండో రోజే. ద్రవం నూనెని కరిగిస్తుంది, ఆరుతూ ఆరుతూ పిండిలోకి లాక్కెళ్తుంది. ఎండి పెళుసుబారాక ప్లాస్టిక్ గరిటెతో గీరి తీసేసి తడిగుడ్డతో తుడవండి. తీసిన పిండి పెంకు అడుగు పచ్చగా, జిడ్డుగా కనిపిస్తే పట్టు పనిచేసినట్టే.

చాలామంది మొదటి రోజే ఆత్రపడి తీసేసి ‘ఏం లాభం లేదు’ అంటారు. పాత నూనె మచ్చకి రెండు మూడు సార్లు వేయాల్సి రావచ్చు. మా గూట్లోది మూడోసారికి గానీ దారికి రాలేదు.

అసిటోన్ భగ్గున అంటుకుంటుంది. ఇది దేవుడి గది, ఎదురుగా అఖండ దీపం ఉండొచ్చు. ఆ రెండు రోజులూ దీపం, అగరుబత్తి, కర్పూరం వేరే చోట వెలిగించుకోండి, కిటికీ తెరిచిపెట్టండి. అసిటోన్ వద్దనుకుంటే తినేసోడాని నీళ్ళు, నాలుగు చుక్కల అంట్ల లిక్విడ్‌తో కలిపి వేయండి. నిదానంగా పనిచేస్తుంది, అంతే.

కర్పూరం మసి అయితే ముందు తడి చేయకండి. పొడి బ్రష్‌తో దులిపి, ఆపైనే సబ్బునీళ్ళు. తడిపితే మసి రాయిలోకి దిగిపోతుంది.

గ్యాస్ సిలిండర్ పెట్టిన చోట గుండ్రంగా తుప్పు మరక. ఏం చేయాలి?

గ్రానైట్ మీదయితే సులువు. నిమ్మరసమో, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆక్సాలిక్ ఆమ్లం పొడి నీళ్ళలో కలిపో రాసి, 10 నిమిషాలకి కడిగేయండి. తాండూరు బండ మీదయితే అదే మందు తుప్పుని తీసి, దాని బదులు తెల్ల వలయాన్ని ఇస్తుంది. అక్కడ పులుపు లేని తుప్పు మందులు, పాలరాయికి పనికొస్తుందని రాసి ఉన్నవి, వాడాలి. రాసిన కాసేపటికి ఇనుముతో కలిసి ఊదా రంగులోకి తిరుగుతాయి, కుళ్ళిన గుడ్డు లాంటి వాసన వస్తుంది. రెండూ మామూలే. మరక బాగా పాతదైతే పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి. బ్లీచింగ్ మాత్రం తుప్పుకి పనిచేయదు.

సిలిండర్ కింద చక్రాల స్టాండు పెట్టుకుంటే ఈ ప్రశ్నే రాదు.

కుళాయి చుట్టూ తెల్లగా పెంకు కట్టింది. బోరు నీళ్ళు.

గ్రానైట్ సింకు గట్టు అయితే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి 10 నిమిషాలు వేసి, తుడిచి కడిగేయండి. సున్నపురాయి మీదయితే చిక్కు. ఎందుకంటే ఆ పెంకూ కాల్షియం కార్బొనేటే, కింద బండా అదే. పెంకుని కరిగించే మందు ఏదైనా బండనీ కరిగిస్తుంది. కాబట్టి కరిగించకుండా గీరాలి. కొత్త బ్లేడుని దాదాపు పడుకోబెట్టి, నీళ్ళు చల్లుతూ, ఒకే దిక్కుకి తోయండి. పని మెల్లగానే సాగుతుంది. అయ్యాక రోజూ రాత్రి పడుకునే ముందు కుళాయి చుట్టూ పొడిగుడ్డతో తుడవడం అలవాటైతే మళ్ళీ కట్టదు. నీళ్ళు ఆరితేనే పెంకు, ఆరకముందే తుడిస్తే పెంకు లేదు.

గృహప్రవేశానికి ముందు నేలంతా యాసిడ్‌తో కడిగిస్తామంటున్నారు. కడిగించవచ్చా?

వద్దు. టైల్స్ మీద సిమెంటు మరకలకి వాడే పద్ధతిని బండల మీద కూడా వాడేస్తుంటారు. మా బంధువుల ఇంట్లో తెల్లారితే గృహప్రవేశమనగా హాల్లో పాలరాయి మీద పోశారు. నేల నురగలు కక్కుతుంటే ‘చూశారా, మురికి ఎలా పొంగుతోందో’ అన్నాడట పనివాడు. పొంగింది మురికి కాదు, రాయి. కరుగుతూ కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. పాలు పొంగించిన రోజు ఆ హాలు సున్నం కొట్టిన గోడలా ఉంది.

సిమెంటు చుక్కలు, పెయింటు చుక్కలు బ్లేడుతో గీరించండి, మిగిలిన పెయింటుకి అసిటోన్ చాలు. కూలీ ఒక రోజు ఎక్కువవుతుంది, నేల మిగులుతుంది.

బాత్రూం కడిగే లిక్విడ్లలో చాలావాటిలో కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే ఉంటుంది. బాత్రూం గడప బండ తెల్లబడిందంటే కారణం అదే.

యాసిడ్‌తో పోకపోతే దాని మీదే బ్లీచింగ్ పౌడర్ వేస్తే?

ఎప్పుడూ వేయకండి. ఆమ్లం, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. పనిమనిషికి కూడా ఈ ఒక్కటి మాత్రం విడిగా, గట్టిగా చెప్పండి. రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టకండి.

కడప గట్టుకి కొబ్బరినూనె రాస్తే నల్లగా మెరుస్తుందట, నిజమేనా?

రాసిన రోజు నిజం. పెళ్ళిచూపులకి పనికొస్తుంది. నూనె ఇంకి రంగు ముదురుతుంది, గీతలూ తెల్ల మచ్చలూ మరుగున పడతాయి. వారం తిరిగేసరికి దుమ్ము పట్టి జిడ్డెక్కుతుంది, వేసవిలో కాస్త ముక్క వాసన కూడా. తప్పనిసరైతే నాలుగు చుక్కలు రాసి పొడిగుడ్డతో మొత్తం తుడిచేయండి. నా నిమ్మచెక్క గుర్తుని చుట్టాలొచ్చినప్పుడు నేనూ ఇలాగే దాచేస్తుంటాను.

పులుపు వద్దంటున్నారు. మరి పాలిష్ వాళ్ళు ఆక్సాలిక్ ఆమ్లమే వాడతారు కదా?

మంచి ప్రశ్న. ఆక్సాలిక్ సున్నపురాయితో కలిసినప్పుడు నీళ్ళలో కరగని కాల్షియం ఆక్సలేట్ ఏర్పడుతుంది. వాళ్ళు చివరి అంచెలో కొంచెం పొడి, కొంచెం నీళ్ళు వేసి, మెషిన్ బరువుతో రుద్దుతూనే ఉంటారు. ఆ రాపిడికి పైపొర నునుపుదేరి మెరుస్తుంది. అదే పొడిని మనం నీళ్ళలో కలిపి నేల మీద పోసి వదిలేస్తే రాపిడి ఉండదు, తినడం ఒక్కటే జరుగుతుంది. పైగా అది విషం. పాలిష్ వాళ్ళు మిగిల్చి వెళ్ళిన పొట్లం వంటింట్లో ఉంచకండి, చూడ్డానికి పంచదారలా ఉంటుంది.

సీలర్ వేయించాలా?

సీలర్ అంటే మరకలు లోపలికి ఇంకకుండా రాయికి పట్టించే మందు. గట్టు మీద ఒక చెంచా నీళ్ళు పోసి 10 నిమిషాలు చూడండి. బొట్టు బొట్టుగానే నిలిస్తే అక్కర్లేదు. కింద రాయి ముదురు రంగుకి తిరిగితే వేయించండి. లోపలికి ఇంకే రకం అడగండి, పైన ప్లాస్టిక్‌లా పొర కట్టేది కాదు. అయితే సీలర్ మరకని ఆలస్యం చేస్తుందే తప్ప పులుపుని ఆపదు. అది వేయించుకున్నాం కదా అని నిమ్మచెక్క బోర్లిస్తే నా కథే.

పెరట్లో బండల మీద నాచు పట్టి జారుతోంది.

బకెట్ నీళ్ళలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీళ్ళు పోసి పావుగంట ఆగి కొబ్బరి చీపురుతో రుద్ది బాగా కడిగేయండి. తులసికోట, మొక్కల మొదళ్ళ వైపు పారనివ్వకండి. నీళ్ళు నిలిచే చోట వాలు సరిచేయకపోతే వచ్చే వానాకాలానికి మళ్ళీ ఇదే పని.

కింది అంతస్తులో బండల సందుల్లో తెల్లటి పొడి వస్తోంది, తుడిచినా మళ్ళీ వస్తోంది.

నేలలోని చెమ్మ పైకొస్తూ ఉప్పుని తెస్తోంది. తడిగుడ్డ వేస్తే ఆ ఉప్పు కరిగి మళ్ళీ లోపలికి పోయి, ఆరాక మళ్ళీ తేలుతుంది. పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తేయండి. ఆ గదికి గాలి తగలాలి. అసలు జబ్బు చెమ్మ, అది ఎక్కడి నుంచో మేస్త్రీ చూడాలి. ఇలాంటి నేలకి సీలర్ వేయించకండి, ఉప్పు లోపలే చిక్కి రాయి పెచ్చులూడుతుంది.

అమ్మమ్మ రుబ్బురోలు ఊరి నుంచి తెచ్చాం. సబ్బుతో కడగొచ్చా?

వద్దు, సబ్బు రాతి గరుకులో చిక్కుకుని తర్వాతి పచ్చడిలో తేలుతుంది. వేడినీళ్ళు పోసి గట్టి కొబ్బరి పీచుతో తోమండి. తర్వాత గుప్పెడు కళ్ళుప్పు, గుప్పెడు బియ్యం వేసి పొత్రం తిప్పి నూరండి. పొడి ఏ రంగులో వస్తోందో చూడండి. మొదట బూడిద రంగులో, ఇసుక తగులుతూ వస్తుంది. అది పారేసి మళ్ళీ బియ్యం వేయండి. మాకు నాలుగో వాయికి పొడి తెల్లగా వచ్చింది. అప్పుడు కొంచెం నానబెట్టిన మినప్పప్పు రుబ్బి, దాన్ని కూడా పారేసి, కడిగి ఎండలో ఆరబెట్టాం. కొత్త రోలు అయితే ఇంకో రెండు మూడు వాయిలు ఎక్కువ పట్టొచ్చు. రోలు ఎక్కువగా గ్రానైట్ జాతే కాబట్టి చింతపండు పచ్చడికి భయపడనక్కర్లేదు. నూరాక ఆ పూటే కడిగేయండి, ఎండిపోయిన పచ్చడిని గుంట అడుగు నుంచి తీయడానికి వేలిగోళ్ళు చాలవు.